గోరుకు తగిలే గీత

మా అమ్మ పోయాక ఇల్లు సర్దుతుంటే ఆవిడ రేకు పెట్టె అడుగున, కలరా ఉండల మధ్య, ఒక పాత హవాయి చెప్పు ముక్క కనిపించింది. అరచేతిలో ఇమిడేంత ముక్క. ఒక పక్క నున్నగా అరిగిపోయింది, ఇంకో పక్క వేళ్ళు ఆనించిన చోట గుంటలు పడ్డాయి. ఎవరైనా చూస్తే చెత్తబుట్టలో వేస్తారు. నేను మాత్రం దాన్ని చేతిలో పెట్టుకుని మంచం మీద కూలబడ్డాను. మా నాయన మునెప్ప మదనపల్లెలో కార్లకు పెయింటు వేసేవాడు. ఇలాంటి ముక్కకు నీళ్ళ పేపరు, అంటే తడిపి వాడే గరుకు కాగితం, చుట్టి, తడి చేస్తూ రుద్ది, కార్ల మీద పడ్డ గీతలు పోగొట్టేవాడు. ఆ పని పేరెత్తితేనే మా అమ్మకు ఒళ్ళు మండేది. అలాంటి మనిషి ఈ ముక్కను పెళ్ళినాటి చీర కింద ఎందుకు దాచుకుందో అడగడానికి ఇప్పుడు ఆవిడ లేదు. ఈ మధ్య నాకు ఏ ప్రశ్న పుట్టినా జవాబు చెప్పాల్సిన మనిషి ఉండటం లేదు.

నా కారు మీద కూడా ఒక గీత ఉంది. బడిలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాక కొనుక్కున్న చిన్న కారు. అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయే హడావుడిలో మా కుప్పం ఇంటి గేటు గొళ్ళెం గీరుకుని, ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా చారలాగా పడింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ దాని సంగతి పట్టించుకోలేదు. కర్మలన్నీ ముగిశాక షెడ్డుకు తీసుకుపోతే అక్కడి మేస్త్రీ ఒకసారి చూసి, "రుద్దేదంతా ఇప్పుడెవురు సేస్తారు మేడం? రెండు డోర్లూ కొత్తగా పెయింట్ కొట్టేస్తాం. ఇన్సూరెన్స్ ఉండాది కదా, మీకేం?" అన్నాడు. మాట నిజమే, నాకేం? అయినా ఎందుకో మనసొప్పక వెనక్కి తిరిగి వచ్చేశాను. దారిలో హార్డ్‌వేర్ అంగట్లో నీళ్ళ పేపరు కొనుక్కొచ్చి బక్కెట్లో నానబెట్టాను. ఈ వయసులో నీకిదేం పోయేకాలమే అని తిట్టే అమ్మ కూడా లేకపోయె. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి, ఆసుపత్రి వరండాల్లో పోగైన అలసట, అన్నీ అలాగే ఉన్నాయి. కూర్చుంటే నిద్ర వస్తుంది, పడుకుంటే రాదు. అలాంటప్పుడు ఏదో ఒక పని చేతిలో ఉంటే మేలనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున బక్కెట్లోంచి ఆ నల్లటి గరుకు కాగితం తీస్తుంటే, తడిసిన ఇసుకా జిగురూ కలిసిన ఆ వాసనకు మదనపల్లె మొత్తం నా ముక్కులోకి వచ్చింది. అక్కడ మా ఇల్లూ షెడ్డూ ఒకటే. పుంగనూరు రోడ్డు పక్కన ముందు రేకుల షెడ్డు, వెనక మేముండే గది, రెంటికీ మధ్య ఒక గోనెపట్టా తెర. తెల్లారి లేస్తే వసారాలో రెండు బక్కెట్లు పక్కపక్కన ఉండేవి. ఒకదాంట్లో పితికిపప్పుకు అనపగింజలు నానుతుండేవి, ఇంకోదాంట్లో నీళ్ళ పేపర్లు. పేపరు బాగా నానితేగాని మెత్తబడదు, మెత్తబడకపోతే అదే కొత్త గీతలు పెడుతుంది. ఇల్లంతా పెయింటులో కలిపే తిన్నరు వాసన. మేము తిన్న సంగటికి, వేసుకున్న బట్టలకు, చివరికి నా బడి పుస్తకాలకు కూడా అదే వాసన. నాయన అన్నానికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చోబోతే మా అమ్మ గరిటె అడ్డం పెట్టేది. "దూరం, దూరం! నిప్పు సోకితే మనిషి మనిషే అంటుకుంటాడు" అనేది. ఆయన నవ్వుతూ తలుపు దగ్గరే కూర్చుని తినేవాడు. వాళ్ళిద్దరి మధ్య ముచ్చట్లంటే నాకు గుర్తున్నవి అలాంటివే.

మా నాయనకు తన పని మీద బడాయి తక్కువేం కాదు. షెడ్డులోకి కారొస్తే ముందు కారును పలకరించి, ఆ తర్వాతే దిగిన మనిషిని పలకరించేవాడు. కళ్ళు మూసుకుని అరచేత్తో బానెట్ మీంచి డిక్కీ దాకా తడుముకుంటూ పోయేవాడు. ఆ తర్వాత గీత దగ్గర ఆగి, దానికి అడ్డంగా గోరు నడిపేవాడు. గోరు జారిపోతే ఆ గీత పై పెయింటులోనే ఉన్నట్టు, రుద్దితే పోతుంది. గోరు తగులుకుని ఆగిందంటే గీత కిందిదాకా దిగినట్టు. "గోరు జారితే రుద్దు, గోరు తగిలితే వదిలెయ్. దాని వెంట పోతే ఇనుము తేల్తాది" అనేది ఆయన సూత్రం. కారు సొంతదార్లకు ఇది నచ్చేది కాదు, మొత్తం పోవాలనేవాళ్ళు. ఆయన ఒప్పుకునేవాడు కాదు. లోతు గీతను చుట్టూరా సన్నగా రుద్ది, అంచులు మెత్తబరిచి, పాలిష్ పెట్టి కంటికి ఆనకుండా చేసేవాడు. "ఉండాది, కానీ కనపడదు. సాలు కదా?" అనేవాడు. కలికిరి, కలకడ నుంచి కూడా మండీ వాళ్ళు కార్లు తెచ్చేవాళ్ళు. "మునెప్ప సెయ్యి" అని ఆ పక్కన ఒక పేరు. ఆ మాట ఎవరన్నా అంటే ఆయన బీడీ ఆర్పేసి మరీ వినేవాడు.

ఆ చేతిలో సగం మా అమ్మది. ఈ సంగతి ఆ ఊళ్ళో మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. గరుకు పేపరుతో మొదటి రుద్దుడు నాయన రుద్దేవాడు. చివర్లో సన్న పేపరుతో, సబ్బునీళ్ళు చిలకరించుకుంటూ చేసే రుద్దుడు మాత్రం మా అమ్మదే. వంటా, గిన్నెలూ అయ్యాక ఆవిడ కొంగు నడుముకు దోపుకుని వచ్చేది. ఆడమనిషి కారు రుద్దుతున్నదంటే బేరగాళ్ళు ఏమనుకుంటారోనని ఆ వేళకు షెడ్డు ముందర కూడా ఒక గోనెపట్టా దించేవాళ్ళు. లోపల ఉక్క, తిన్నరు ఆవిరి. నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే ఆవిడ ముక్కను ఆనించి ఒకే వరసలో మెల్లగా లాగేది. నల్లకారైతే నల్లనీళ్ళు, తెల్లకారైతే పాలలాంటి నీళ్ళు కారేవి. "మొగోళ్ళ సెయ్యి అదుముతాది, ఆడోళ్ళ సెయ్యి అడుగుతాది" అని నాయన ఆవిడ పనిని మెచ్చుకునేవాడు, తెర లోపలే. ఆవిడ వేళ్ళ చివర్లు అరిగిపోయి ఎర్రగా ఉండేవి. ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టాలన్నా, పచ్చిమిరపకాయ తుంచాలన్నా నన్నే పిలిచేది. నానిన అనపగింజల తోలు పితకడం మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. చల్లగా ఉంటుంది వేళ్ళకు అనేది.

మా కొంప ముంచిన కారు పుంగనూరు నుంచి వచ్చింది. నల్లటి అంబాసిడరు. బెల్లం మండీ వాళ్ళది. దాంతోపాటు వచ్చింది సుగుణక్క, ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. వాళ్ళ పుట్టిల్లు గుడుపల్లె దగ్గర ఒక మెట్ట పల్లె, పశువులు మేపుకునే ఇల్లు. మండీ పెద్దాయన ఎడ్లు కొనడానికి పోయి, ఆ ఇంటి శుభ్రం చూసి ముచ్చటపడి సంబంధం ఖాయం చేసుకున్నాడట. పెళ్ళైన కొన్నాళ్ళకే ఆయన పోయాడు. అత్తగారికి మొదటి నుంచీ ఈ సంబంధం ఇష్టం లేదు. కోడలు సంగటి కెలికినా, కల్లాపి చల్లినా "పేడ వాసన" అనేది. కొడుకు తల్లి మాట జవదాటని మనిషి.

ఆ ఏడు ఆయుధపూజకు తల్లీ కొడుకూ కాశీయాత్రలో ఉన్నారు. పోతూ పోతూ అత్తగారు, "మేం లేకపోయినా బండిని బాగా శుభ్రం సేయించి పూజ సేయించు" అని చెప్పి పోయింది. ఇదే మొదటిసారి ఆ ఇంట్లో ఒక పని తనకు అప్పగించడం. సుగుణక్క ఆ పనిని డ్రైవరుకు కూడా వదల్లేదు. పుట్టింట్లో పండగంటే ఇత్తడి బిందెలకు చింతపండు, ఎడ్లను రుద్దడానికి గడ్డిచుట్ట. ఆవిడ తెల్లవారుజామునే లేచి, బూడిదలో చింతపండు కలిపి, కొబ్బరిపీచుతో కారును తోమింది. బానెట్, తలుపులు, పైకప్పు, ఒక్క చోటు వదలకుండా భక్తిగా తోమింది. తడి మీద అంతా మెరుస్తూనే కనిపించింది. పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టించింది. ఎండ ఎక్కి తడారిపోయాక చూస్తే కారు మొత్తం తెల్లటి గీతలు. మన పక్క ఆడవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. నాకిప్పటికీ నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

ముసలి డ్రైవరు ఆమె ఏడుపు చూడలేక మర్నాడు కారును మా షెడ్డుకు తెచ్చాడు. మొక్కుబడి ఉందని ఇంట్లో పనివాళ్ళకు చెప్పి తనూ వచ్చింది. నాయన కారు చుట్టూ తిరిగి, అరచేత్తో తడిమి, "ఏంటమ్మా ఇది, ఎవురన్నా పగోళ్ళు గీకినారా?" అన్నాడు.

"నేనేన్నా. తోమితే బాగుంటాదనుకున్నా" అని ఆమె తల వంచుకుంది. "మా అత్త వచ్చి సూసిందంటే నన్ను ఇంగ ఆ ఇంట్లో ఉండనీదు. పశువులు కడిగేదాన్ని తెచ్చుకున్నామని ముందే అంటాంది. మా నాయన తావకు పంపించేస్తాది. ఆయన వద్దనే మనిషి కాదు. ఎట్లన్నా సేసి పోగొట్టన్నా."

నాయన గోరుతో ఒక్కొక్క గీతా చూశాడు. అన్నిటికీ గోరు జారింది, ఒక్కదానికి తప్ప. బానెట్ నడుమ ఉబ్బెత్తుగా ఉండే అంచు మీద, పీచులో ఏ రాయి చిక్కుకుందో ఏమో, ఒక గీత లోతుగా దిగింది. "అన్నీ పోతాయి. ఇదొక్కటి పోదు, కనపడకుండా సేస్తా. దీన్ని మాత్రం తాకొద్దు" అన్నాడు. అంచుల మీద పెయింటు పలచగా ఉంటుందని, అక్కడ గట్టిగా రుద్దితే తేలిపోతుందని కూడా చెప్పాడు.

ఆమె రోజూ పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. ఊరికే కూర్చోలేక పైట బిగించి తనూ రుద్దుతానంది. మా అమ్మ తన చెప్పు ముక్కలాంటిదే ఇంకొకటి కోసిచ్చి, ఆమె చేతి మీద తన చెయ్యి పెట్టి నేర్పింది. "అదమాకమ్మా. పాపకు నీళ్ళు పోసినట్టు" అనేది. తెర వెనక ఆ ఇద్దరూ రుద్దుతూ మాట్లాడుకుంటుంటే నేను నీళ్ళు పోసేదాన్ని. మా అమ్మ అన్ని మాటలు మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. ఊరిబిండి పచ్చడి నూరే తీరు, గొడ్డు ఈనినప్పుడు జున్ను పంచే వరస, అత్తల సంగతులు. వదినా అంటే వదినా అనుకున్నారు. మధ్యాహ్నం ఒకే తట్టలో సంగటి ముద్దలు పెట్టుకుని తిన్నారు. కారు నల్లగా, నీళ్ళలో చూసుకున్నట్టు మొహం కనపడేలా అవుతూ వచ్చింది. ఆ కొన్ని రోజులు మా అమ్మ మొహంలో అలసట కనపడలేదు.

చివరి రోజు నాయన అన్నానికి లోపలికి వచ్చాడు. అమ్మ వడ్డిస్తోంది. షెడ్డులో సుగుణక్క ఒక్కతే ఉంది. ఆ ఒక్క గీత ఆమెను నిలవనివ్వలేదు. అన్నీ పోయాయి, ఇదొక్కటి మిగిలితే అత్త కన్ను సరిగ్గా దాని మీదే పడుతుందని భయం. గరుకు పేపరు తీసుకుని అంచు మీద అదిమి రుద్దింది. నల్లనీళ్ళు కారుతున్నాయి కదా పోతూందిలే అనుకుంది. నీళ్ళు బూడిద రంగుకు మారాయి, అది పెయింటు కింద వేసే అస్తరు. అప్పుడన్నా ఆగలేదు. నాయన మూతి కడుక్కుని బయటికి వచ్చేసరికి బానెట్ నడుమ అరచేతి వెడల్పున ఇనుము తెల్లగా తేలి ఉంది. ఆయన నోరు తెరిచేలోపే రోడ్డు మీద జట్కా ఆగింది. తల్లికి జబ్బు చేసి యాత్ర మధ్యలోనే తిరిగొచ్చిన మండీ ఆయన, ఇంట్లో కారూ లేదు, పెళ్ళామూ లేదు, మదనపల్లె పోయిందని విని ఉన్నవాడు ఉన్నట్టే వచ్చాడు.

ఆయన గోనెపట్టా ఎత్తి లోపలికి వచ్చాడు. ముందు ఇనుము చూశాడు, తర్వాత పెళ్ళాన్ని చూశాడు. మా అమ్మ అప్పటికే ఆమె నల్లటి చేతులను తన కొంగులో చుట్టేసింది.

"ఎవురు సేసినారిది?" అన్నాడు.

 నాయన తువ్వాలు భుజాన వేసుకుని ముందుకు వచ్చాడు.

"నేనేప్పా. పండక్కి పాలిష్ పెట్టియ్యమని ఆయమ్మ బండి పంపించింది. నా సెయ్యి జారింది. ఇనుము తేల్చేసినా. ఆ పొద్దు నించీ ఆయమ్మ రోజూ వచ్చి, బాగుసేసిందాకా కదలనని నా నెత్తిన కూసోనుంది. తప్పు నాది."

మండీ ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. చెయ్యి కూడా ఎత్తాడు, కొట్టలేదు. తిట్టినంత సేపూ నాయన తల వంచుకుని నిలబడ్డాడు. బీడీ ఆర్పి మరీ పొగడ్తలు వినే మనిషి ఆ తిట్లను కూడా అలాగే చివరిదాకా విన్నాడు. తిట్టడం అయ్యాక మండీ ఆయన తన పెళ్ళాం వైపు తిరిగి మెత్తగా, "ఒగదానివే బస్సులో వచ్చినావా రోజూ?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఆమె కాపురం నిలబడిందని మా అందరికీ అప్పుడే తెలిసింది.

నాయన బానెట్‌కు కొత్త నలుపు వేసిచ్చాడు. పాత నలుపులో కొత్త నలుపు కలవదు, ఎండలో వేరుగా తెలిసిపోతుంది. ఆ కారు పుంగనూరు వీధుల్లో, మండీల్లో తిరిగినన్నాళ్ళూ మా నాయన చెయ్యి జారిందని చాటింపు వేస్తూనే తిరిగింది. కలికిరి వాళ్ళు రావడం మానేశారు, తర్వాత కలకడ వాళ్ళు. ఎదురుగా ఇంకొకరు షెడ్డు తెరిచారు. మేము కుప్పం వచ్చేశాం. దూరపు బంధువు లారీలకు బాడీ కట్టే చోట నాయన పెయింటు పనికి చేరాడు. లారీకి నున్నటి చెయ్యి ఎవరికి కావాలి? పచ్చరంగు, పసుపు రంగు, నిమ్మకాయలు, నెమళ్ళు. అమ్మకు రుద్దే పనే లేకపోయింది. నేను మదనపల్లెలో కాలేజీకి పోవాల్సింది, కుప్పంలో ఇంట్లో కూర్చుని, పెళ్ళి చేసుకుని, పిల్లలు పుట్టాక ప్రైవేటుగా చదివి టీచరునయ్యాను. చెడిపోలేదు. కానీ ప్రతిదీ ఆలస్యంగా, అలసిపోయాక చేతికొచ్చింది.

మా అమ్మ ఈ సంగతి వదల్లేదు. ముసలితనం దాకా, నాయన పోయాక కూడా. "ఆ పాపకు సాయం సెయ్యొద్దన్నానా నేను? ఆయమ్మ సేతులు దాచింది నేనే కదా. కానీ ఆ పేరులో సగం నాది. నా యేళ్ళు అరగదీసి తెచ్చిన పేరు. దాన్ని తీసి ఇచ్చేసేటప్పుడు నన్నొక మాట అడిగినాడా?" అనేది. నాయన దీనికి ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు. "పేరు పోతే ఇంగో ఊర్లో తెచ్చుకుందాం. ఆ పాపకు ఇంగో ఇల్లు యాడ తెచ్చేది?" ఆ పేరు ఇంకో ఊళ్ళో రాలేదు. అప్పుడు ఆ మాట ఎత్తిచూపే మనసు మా అమ్మకు కూడా రాలేదు. సుగుణక్క మళ్ళీ మా గడప తొక్కలేదు. "ఎప్పుడన్నా కనపడితే అడగతా. నీ కాపురం ఎవురి సేతి మీద నిలబడిందో తెలుసునా అని అడగతా" అనేది అమ్మ. ఆఖర్లో జ్ఞాపకం చెదిరి నన్ను కూడా పోల్చుకోలేని రోజుల్లోనూ దుప్పటి మీద చెయ్యి ఆనించి ఒకే వరసలో మెల్లగా లాగుతుండేది.

నేను నా కారు తలుపు రుద్దుతూ ఇవన్నీ తలచుకుంటున్నాను. అరగంటకే భుజం పీకింది. మెట్టు మీద కూర్చుని చెప్పు ముక్కను చూసుకుంటే అప్పుడు తట్టింది. ఆ గుంటల్లో నా వేళ్ళు సరిగ్గా కుదురుతున్నాయి. మా నాయనవి లావు వేళ్ళు, ఇందులో పట్టవు. ఇది ఆయన పనిముట్టు కాదు, అమ్మది. అమ్మ మొగుడి గుర్తును కాదు, తన చేతిని దాచుకుంది.

గేటు ముందు ఒక పెద్ద కారు ఆగింది ఆ పూటే. బాగా వయసైన ఒక ఆడమనిషి డ్రైవరు చెయ్యి పట్టుకుని దిగింది. నా చేతుల వంక, బక్కెట్టు వంక చూస్తూ నిలబడిపోయింది.

"మునెప్పన్న కూతురివి కదమ్మా నువ్వు?" అంది. గొంతు విన్నాకగాని నేను గుర్తుపట్టలేదు. సుగుణక్క.

మా అమ్మ పోయిన సంగతి ఆలస్యంగా తెలిసి, ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చిందట. లోపలికి వచ్చి అమ్మ ఫొటో ముందు నిలబడి చాలాసేపు ఏడ్చింది. నేను కాఫీ ఇచ్చాను. ఆవిడ కుర్చీ వద్దని నాతో పాటు బయట మెట్టు మీదే కూర్చుంది. మొగుడు పోయాక మండీ తనే నడిపిందట, ఇప్పుడు కొడుకులు చూసుకుంటున్నారట. కాఫీ తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"మా ఇంట్లో ఆ కారు కథ ఇప్పటికీ సెప్పుకుంటారు" అంది చివరికి. "మా ఆయన పొయ్యేదాకా సెప్పినాడు. ఎవురొచ్చినా సెప్పేవాడు. పెయింటరు బండి సెడగొడితే మా ఆయమ్మ ఆయప్ప నెత్తిన కూసోని సేయించుకొచ్చిందని. ఆ పొద్దు నించీ మా అత్త కూడా తాళాలు నాకే ఇచ్చింది. మా మనవళ్ళు కూడా నవ్వుతారు, సెయ్యి జారిన మునెప్ప అని. అట్ల కాదు నాయనా అని ఒగసారన్నా అనాలనుకుంటా. నోరు రాదు. ఆయన ఉన్నప్పుడు భయం. ఆయన పోయినాంక ఎవురికి సెప్పేదిలే అని."

 మా నాయన పేరు ఇన్నేళ్ళు వాళ్ళింట్లో నవ్వులాటగా తిరుగుతూ ఉందా? అమ్మ అడగాలనుకున్న మాట నా నాలుక చివరకు వచ్చేసింది. ఆవిడ మాత్రం నా చేతిలోని చెప్పు ముక్కను చూస్తోంది. చెయ్యి చాచి తీసుకుంది. తన వేళ్ళను ఆ గుంటల్లో పెట్టింది.

"ఇది మా వదిన ముక్క కదా" అంది. "నా సేతి మీద సెయ్యి పెట్టి నేర్పించింది. అంత మెత్తటి సెయ్యి మళ్ళా నేను సూడలేదమ్మా. ఊళ్ళో మునెప్ప సెయ్యి, మునెప్ప సెయ్యి అంటాండిరి. నాకు తెలుసు అది ఎవురి సెయ్యో."

మా అమ్మ ఆ మాట ఒక్కసారి విని ఉంటే చాలు. ఇంకేమీ అక్కర్లేకపోయేది. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆవిడ నా భుజం నిమిరి, లేచి, కారు తలుపు దగ్గరికి పోయి వంగింది. గీతకు అడ్డంగా గోరు నడిపింది. కొంతదూరం జారింది, వెనక తలుపు దగ్గర ఆగింది.

"ఈడ తగుల్తాంది. ఈడ రుద్దమాక. మీ నాయన సెప్తే నేను ఇనలేదు" అని నవ్వబోయింది. తర్వాత నా వైపు తిరిగి, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నట్టు అడిగింది. "బానెట్‌కు కొత్త పెయింట్ వేసినాంక మిమ్మల్ని సూడాలని మదనపల్లెకు వచ్చినానమ్మా ఒగసారి. షెడ్డు మూసేసి ఉండాది. కుప్పం పోయినారన్నారు. బాగుపడి పోయింటారులే అనుకున్నా. యాల పోయినారమ్మా అంత బాగా జరిగేదాన్ని వదులుకోని?"

ఆవిడకు తెలియదు. నిజంగా తెలియదు. ఆ ముసలి మొహంలో అడగడానికి భయం కూడా ఉంది, నేనేం చెబుతానో అని. మా అమ్మ ఇన్నేళ్ళు ఎదురుచూసిన చోటు ఇదే. ఒక్క మాట అంటే చాలు. ఆవిడ వచ్చిన కారులోనే ఆ మాటను మోసుకుని పుంగనూరు పోతుంది, మిగిలిన రోజులు దాన్నే తోముకుంటూ కూర్చుంటుంది. నాకు ఒక్కసారిగా ఎంతో అలసట కమ్మింది.

"ఈడ లారీల పని జాస్తి కదక్కా" అన్నాను. "బేరం బాగుంటాదని మా నాయనే వచ్చినాడు."

"బాగుండిందా మరి?"

"బాగుండింది."

ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుంది. చెప్పు ముక్కను నా చేతిలో పెట్టి, నా వేళ్ళు మూసి, కారెక్కింది. ఆ పెద్ద కారు మీద ఎక్కడా ఒక్క గీత లేదు. ఇప్పటి వాళ్ళు గీత పడితే తలుపే మార్చేస్తారు, ఎవరి చెయ్యీ అరగదు, ఎవరి పేరూ పోదు. అది మంచిదే కావచ్చు.

నేను బక్కెట్టు దగ్గరికి వచ్చి, పేపరు తడిపి, ముక్కకు చుట్టాను. వెనక తలుపు దగ్గర గోరు తగిలిన చోటు వదిలేసి, దాని చుట్టూరా సన్నగా రుద్దడం మొదలుపెట్టాను. అమ్మ ఆ మెట్టు మీదే, ఎర్రటి వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నట్టుగా ఉంది. ఏమంటుందో నాకు తెలుసు.

"నువ్వన్నా నన్నొక మాట అడిగినావా?"